చిన్న తరగతుల పిల్లలకు చరిత్ర బొమ్మల పుస్తకాలు కావాలి: రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకులకు, పాఠ్యపుస్తక సంఘాల సభ్యులకు, ఆ పుస్తకాలకు బొమ్మలు వేసే చిత్రకారులకు నమస్కారం.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చదువు చెబుతున్న ఉపాధ్యాయురాలిని. మా తరగతి గదిలోని పుస్తకాల మూలలో నక్కబావ కథలు, నీతికథలు, పండుగల పుస్తకాలు, అంకెల పుస్తకాలు ఉన్నాయి. పిల్లలు వాటిని అట్టలు ఊడేదాకా తిరగేస్తారు. మనకంటే ముందు ఈ నేల మీద ఎవరు బతికారో, ఏం తిన్నారో, ఏ కష్టాన్ని ఎలా దాటారో, ఆ సంగతులన్నీ మనకెలా తెలిశాయో ఆరేళ్ల పిల్లకు చూపించగల తెలుగు బొమ్మల పుస్తకం కోసం వెతికితే మాత్రం చేతికి దాదాపు ఏమీ రాదు. చరిత్ర పేరుతో దొరికేవి ఎక్కువగా మహనీయుల జీవిత సంగ్రహాలు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, బిరుదులు, మరణించిన తేదీ వరుసగా ఉంటాయి. పేజీ పైభాగాన ఎక్కడో చూసి దించినట్టున్న ఒక బొమ్మ ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం తెలుగు ప్రాంతాల చరిత్ర మీద బొమ్మల పుస్తకాలు తయారు చేయించమని, వాటిలో బొమ్మను గతానికి సాక్ష్యంగా భావించి అంత జాగ్రత్తగానూ వేయించమని మిమ్మల్ని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇంత చిన్న పిల్లలకు చరిత్ర ఎందుకన్న ప్రశ్న మొదట వస్తుంది. మన విధానంలో పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలోను, సాంఘిక శాస్త్రం ఆరో తరగతిలోను మొదలవుతాయి కాబట్టి అంతవరకు తొందరేమీ లేదని చాలామంది అనుకుంటారు. కానీ చరిత్ర ఆరో తరగతి దాకా ఆగి రాదు. కూడలిలో విగ్రహంగా, ఫ్లెక్సీ మీద ముఖంగా, టీవీలో ధారావాహికగా, జెండా పండుగనాడు వేసే వేషంగా, ఇంట్లో పెద్దల మాటగా అది పిల్లల దగ్గరికి మాటలు వచ్చే వయసులోనే వచ్చేస్తుంది. అల్లూరి సీతారామరాజు బొమ్మ వేయమంటే మా పిల్లలు తెర మీద చూసిన నటుణ్ణి వేస్తారు. రాణి రుద్రమ అంటే వాళ్లకు గుర్తొచ్చేది సినిమా కిరీటం. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల కళ్లకు మనం ఇంకేదీ చూపలేదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కథలకు, బొమ్మలకు, ఆటలకు పెద్దపీట వేసింది కాబట్టి ఈ పనికి విధానపరంగా అడ్డంకి కూడా లేదు. అడిగి చేయించేవారే కావాలి.

బొమ్మ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. ఇంకా చదవడం రాని పిల్ల పుస్తకంలో చదివేది బొమ్మనే. నేను వాక్యాన్ని ఒకసారి చదివి వినిపిస్తాను. బొమ్మను ఆ పిల్ల నెలల తరబడి, మూలమూలలా చూస్తుంది. గుర్రం కాలి కింద ఏముందో, వెనక నిలబడ్డ మనిషి చేతిలో ఏం పట్టుకున్నాడో, గుడిసె తలుపుకి తాళం ఉందో లేదో నాకంటే తనకే బాగా తెలుస్తుంది. వాక్యంలో పొరపాటుంటే పాఠం చెప్పేటప్పుడు సరిదిద్దుకోవచ్చు. బొమ్మలో పొరపాటుంటే అది ఆ పిల్ల మనసులో ఆ కాలపు ప్రపంచంగా స్థిరపడిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. కాకతీయుల కాలపు ఊరిని గీస్తూ చిత్రకారుడు ఒక ఇంటి ముందు ఎర్రటి మిరపకాయలు ఆరబోశాడనుకుందాం. బొమ్మ అందంగా ఉంటుంది, అచ్చం మన ఊరిలాగే ఉంటుంది, అచ్చులోకి వెళ్లేలోపు ఎవరూ అభ్యంతరం చెప్పరు. అయితే కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది; మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న అమెరికా ఖండాల పంటలు, పోర్చుగీసు ఓడలు మన తీరాలకు రావడం మొదలైన తరువాతి శతాబ్దాల్లో ఇక్కడికి చేరాయి. రుద్రమ కాలంలో కారమంటే మిరియాలే. ఈ ఒక్క సంగతి మీదే ఒక బొమ్మల పుస్తకం వేయవచ్చు: ఒక పేజీలో నేటి వంటిల్లు, దాని ఎదుటి పేజీలో ఏడు వందల ఏళ్ల కిందటి వంటిల్లు. ఏవి మాయమయ్యాయో, జొన్నలు, సజ్జలు, చింతపండు లాంటివి ఏవి అలాగే ఉన్నాయో పిల్లలే వెతికి పట్టుకుంటారు. గుంటూరు, ఖమ్మం జిల్లాల మిరప రైతుల పిల్లలకు అంతకంటే ఆశ్చర్యం కలిగించే చరిత్ర పాఠం నాకు తోచడం లేదు.

రుద్రమదేవి గురించి పిల్లలకు చెప్పవలసింది ఆమె పరాక్రమం ఒక్కటే అయితే బొమ్మల పుస్తకం అక్కర్లేదు, గోడ మీద పోస్టరు చాలు. ఆమె సంగతి మనకెలా తెలిసిందో చెప్పడంలోనే అసలు కథ ఉంది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి దొరికింది. శివలోకం చేరుకున్న రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు అక్కడి దేవుడికి భూమి దానమిచ్చి వేయించిన రాయి అది. పరిపాలించిన రాణి ఎప్పుడు మరణించిందో ఒక మామూలు సేవకుడు వేయించిన రాయి వల్ల ఏడు శతాబ్దాల తరువాత మనకు తెలిసింది. ఆరేళ్ల పిల్లకు ఇది ఎంత చక్కగా అందే కథో ఆలోచించండి: పొలాల మధ్య ఒక రాయి, దాని మీద పాత అక్షరాలు, వాటిని కూడబలుక్కుని చదివిన మనిషి, ఆ అక్షరాల వెనక తన రాణి కోసం దుఃఖపడిన ఒక బంటు. అదే పుస్తకంలో ఒక పేజీ ఆమె ముఖం ఎలా ఉండేదో మనకు తెలియదని పిల్లలకు నిజాయితీగా చెప్పాలి. ముగ్గురు చిత్రకారులు ఊహించిన మూడు ముఖాలు పక్కపక్కన వేసి, ఇవి ఊహలని చెప్పి, నాలుగో చోటు పిల్లల కోసం ఖాళీగా వదిలితే తెలిసినదానికీ ఊహించినదానికీ ఉన్న తేడా రెండో తరగతిలోనే పట్టుబడుతుంది. చరిత్ర చదువులో అంతకంటే విలువైన అలవాటు లేదని నా నమ్మకం.

ఇలాంటి కథలు మన చుట్టూ చాలా ఉన్నాయి. చీరాల దగ్గరి మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకుల కోసం పుట్టింది. అంతకుముందు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా రాజులు లాక్కునేవారు. ప్రాణం కంటే ధనం మీద ఆశ పెట్టుకుని సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర ఇకమీద నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని ఆ శాసనం మాట ఇచ్చింది. కష్టంలో ఉన్నవాడి వస్తువు తీసుకోవచ్చా అన్న ప్రశ్న పెన్సిల్ కింద పడితే ఎవరిదన్న తగువు రోజూ పడే పిల్లలకు కొత్తదేమీ కాదు. రాజుల వంశావళి అక్కర్లేకుండానే ఈ కథ వాళ్లకు అర్థమవుతుంది.

హైదరాబాదు పిల్లలకు మూసీ వరద కథ చెప్పాలి. 1908 సెప్టెంబరు 28న నది పొంగి అఫ్జల్‌గంజ్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు అక్కడి ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. బొమ్మల పుస్తకానికి ఇంతకంటే తగిన వస్తువు దొరకడం కష్టం. నిలువు పుస్తకంగా వేసి, పేజీ తిప్పుతున్నకొద్దీ నీళ్లు ఒక్కో కొమ్మ పైకి వస్తుంటే, ప్రతి కొమ్మ మీదా మనుషులు పెరుగుతుంటే, ఎవరు ఎవరికి చెయ్యందించారో పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. ఆ వరదలో వేలమంది చనిపోయారన్న నిజాన్ని దాచనక్కర్లేదు, శవాలను చూపనూ అక్కర్లేదు. నీళ్లు తీసిన తరువాత ఖాళీ అయిన ఒక వీధి బొమ్మ చాలు, మిగిలింది టీచరు గొంతు చెబుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం ఆ కథకు రెండో భాగం. వరద భయం నుంచి పుట్టిన ఆ జలాశయాలే నగరానికి తాగునీరు ఇచ్చాయని తెలిసిన పిల్ల గండిపేటను ఇక మామూలు విహార స్థలంగా చూడదు.

చదువు రాని వారికి బొమ్మలతో గతాన్ని చెప్పడం మన నేలకు కొత్త కాదు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు ఫలకం ఒకటి ఉంది. ఒకే గుండ్రటి చట్రంలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకవైపు మదమెక్కి మనుషులను తొక్కుతూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. వీధిలో జనం బెదిరిపోతుంటే మేడల మీది నుంచి తొంగి చూసేవారు కూడా అందులో ఉన్నారు. ఒక క్షణం నుంచి మరో క్షణానికి కథ నడిచే పద్ధతిని ఆ శిల్పి రాతి మీద సాధించాడు. పైగా ఆ ఫలకాల్లో ఆనాటి ఇళ్లు, నగలు, బళ్లు, తలపాగాలు, జుట్టుముడులు కళ్ల ముందే ఉన్నాయి. శాతవాహనుల కాలం గీయవలసిన చిత్రకారుడికి సినిమా సెట్టింగుల కంటే మేలైన ఆధారం అది. అయితే ఆ శిల్పాల్లో చాలా భాగం చెన్నైలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉండిపోయాయి కాబట్టి, వాటి స్పష్టమైన ఛాయాచిత్రాలు సేకరించి చిత్రకారులకు అందించే బాధ్యత మీ సంస్థలు తీసుకోవాలి. ఒక్కొక్క చిత్రకారుడు సొంత ఖర్చుతో చేసుకునే పని కాదది.

చేర్యాల నకాషీ పటాలు మరో వారసత్వం. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేపథ్యం మీద వరుసలు వరుసలుగా బొమ్మలు వేసిన ఆ పొడవాటి పటాన్ని ఒక్కో గడి విప్పుతూ కథకులు రాత్రంతా కథ చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, దాన్ని చెప్పే కథకులు వేరు. ఆ శైలిలో చరిత్ర పుస్తకాలు వేయించడం చక్కటి ఆలోచన. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: కుల పురాణం ఒక సమూహం తన పూర్వుల గురించి చెప్పుకునే జ్ఞాపకం, శాసనం లాంటి ఆధారం వేరు. రెండింటికీ పుస్తకంలో చోటివ్వాలి, రెండింటినీ కలిపేయకూడదు. "వీళ్లు తమ పూర్వుల గురించి ఇలా చెప్పుకుంటారు" అన్న ఒక్క వాక్యంతో ఆ గౌరవం, ఆ తేడా రెండూ నిలుస్తాయి.

ఎవరి చరిత్ర చూపిస్తామన్నది బొమ్మల్లోనే తేలిపోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. పిల్లల పుస్తకాల్లో ఆ కథకు గుర్రం మీద కాటన్ దొర బొమ్మ తప్పక ఉంటుంది. గోదావరి జిల్లాల ప్రజలకు ఆయన మీద ఉన్న కృతజ్ఞతను నేను తక్కువ చేయడం లేదు. కానీ నదికి అడ్డంగా రాళ్లు మోసిన వేలమంది కూలీలు ఆ బొమ్మలో చీమలంత కూడా కనిపించకపోతే, కూలీకి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు ఆ పుస్తకంలో తమవారిని ఎక్కడ వెతుక్కోవాలి? దొరను ఎదిరించి తన పంటను కాపాడుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ కూడా ఈ వయసుకు అందుతుంది. నేను చెమటోడ్చి పండించిన పంట నా ఇంటికే రావాలన్న మాటలోని న్యాయం పిల్లలకు వెంటనే తెలుస్తుంది. దొర అంటే ఎవరో, వెట్టి అంటే ఏమిటో బొమ్మలో మనుషులు నిలబడ్డ తీరు, వంగిన నడుములు, చేతుల్లోని బరువులు చెప్పగలవు. జోడేఘాట్‌లో 1940లో ప్రాణాలిచ్చిన కుమ్రం భీం కథను గోండి పిల్లలు తమ భాషలో వినాలి. గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసిన అనుభవం రెండు రాష్ట్రాలకూ ఉంది కాబట్టి ఒకే బొమ్మలతో తెలుగు, గోండి, కోయ, సవర ప్రతులు అచ్చువేయడం అసాధ్యమేమీ కాదు.

నాగార్జునకొండ గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న ఆ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయే కట్టడాల్లో కొన్నింటిని విడదీసి కొండ మీద, ఒడ్డున తిరిగి నిలబెట్టారు. అక్కడి మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) స్తంభాల మీద దానమిచ్చిన స్త్రీల పేర్లున్నాయి. వారిలో రాజు సోదరి చాంతిసిరి ముఖ్యురాలు. పదిహేడు వందల ఏళ్ల కిందటి స్త్రీ పేరు రాతి మీద చదవగలగడం ఆడపిల్లలకు ఎంత గొప్ప సంగతో నేను చెప్పనక్కర్లేదు. అదే లోయలోని పల్లెల నుంచి ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లిన కుటుంబాలు కూడా ఉన్నాయి. రాళ్లు తరలిన కథ, మనుషులు తరలిన కథ ఒకే పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో నడవాలి. సాగర్ కాలువ నీటితో పండిన అన్నం తినే పిల్లలకు అది తెలియాలి.

ఈ వయసు పిల్లలకు 1213కీ 1908కీ తేడా చెబితే అందదన్నది నిజమే. సంవత్సరాలు వాళ్లకు ఇంకా బరువు లేని అంకెలు. మా నాయనమ్మ చిన్నప్పుడు, ఆమె నాయనమ్మ చిన్నప్పుడు, ఇంకా చాలా ముందు అన్నంత వరకే వాళ్ల కాలం సాగుతుంది. అందుకు బొమ్మల పుస్తకంలోనే ఉపాయం ఉంది: చోటు మార్చకుండా కాలాన్ని మార్చడం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి పక్కన చెరువు ఉంది, అది నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఒకే కట్టను ఒకే కోణం నుంచి ప్రతి పేజీలోనూ చూపిస్తూ, కట్ట పోస్తున్న మనుషులు, గుడి చెక్కుతున్న శిల్పులు, తరువాతి కాలపు బండ్లు, గండి పడిన ఏడు, పూడిక తీసిన ఏడు, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక బస్సులు దిగుతున్న యాత్రికుల దాకా నడిపిస్తే అంకెలు చెప్పకుండానే ముందువెనకలు కుదురుతాయి. ప్రతి మండలంలోనూ అలాంటి చెరువో, కోటో, సంతో ఉంటుంది.

ఇక ఆచరణ మాట. సమగ్ర శిక్షా కింద ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏటా 5,000 రూపాయల వరకు గ్రాంటు ఉంది. ఆ డబ్బుతో ఏ పుస్తకాలు వస్తాయన్నది మీ జాబితాల మీద ఆధారపడుతుంది. ఆ జాబితాల్లో చరిత్ర బొమ్మల పుస్తకాలకు ఒక విభాగం పెట్టండి. ప్రచురణకర్తలను తమ దగ్గర ఉన్నదే పంపమనకుండా, కొత్తగా చేయించండి. పుస్తకానికి ఇన్ని పేజీలకు ఇంత అన్న లెక్కతో కాక, పరిశోధనకు పట్టే సమయాన్ని కూడా కలిపి చిత్రకారులకు పారితోషికం ఇవ్వండి. వారి పేరు రచయిత పేరుతో సమానంగా అట్ట మీద ఉండాలి. చరిత్రకారులకు వాక్యాలు మాత్రమే చూపించి సంతకం తీసుకునే పద్ధతి మానేసి, పెన్సిల్ చిత్తుబొమ్మల దశలోనే చూపించండి: చెట్టు, పాత్ర, చీరకట్టు, పశువు, పంట ఆ కాలానివేనా అని వారు చెప్పాలి. పుస్తకం చివర పిల్లలను పరీక్షించే ప్రశ్నలు వద్దు, దయచేసి వద్దు. వాటి బదులు టీచరు కోసం ఒక పేజీ ఇవ్వండి. ఏ బొమ్మకు ఏ శాసనం, ఏ శిల్పం, ఏ ఛాయాచిత్రం ఆధారమో, ఏది చిత్రకారుడి ఊహో అందులో ఉంటే పిల్లలు అడిగే ప్రశ్నలకు మేము సరైన జవాబు చెప్పగలుగుతాం. వాక్యాలు తక్కువగా, అక్షరాలు పెద్దవిగా, బొమ్మ గది చివర కూర్చున్న పిల్లకు కూడా కనిపించేటంత పెద్దదిగా ఉండాలి. కళింగాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పలుకుబడుల్లో సంభాషణలు ఉంటే ఇంకా మేలు.

అచ్చుకు వెళ్లే ముందు చిత్తుప్రతులను కొన్ని బడుల్లో పిల్లలకు చూపించి, వారు ఏ బొమ్మ దగ్గర ఆగారో, ఏది తప్పుగా అర్థం చేసుకున్నారో రాసుకుని సరిదిద్దే ఏర్పాటు కూడా ఉండాలి. ఆ పనికి మా తరగతిని సంతోషంగా ఇస్తాం. స్కూలు కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశాల్లో నాతోపాటు కూర్చునే ఉపాధ్యాయులు కూడా ముందుకు వస్తారని నా నమ్మకం. వచ్చే విద్యా సంవత్సరానికి రెండు రాష్ట్రాలూ కలిసి కనీసం నాలుగైదు పుస్తకాలతోనైనా మొదలుపెట్టాలని, మొదటి చిత్తుప్రతులు ఎప్పటికి సిద్ధమవుతాయో ఉపాధ్యాయులకు తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు